తూటాకు కొవ్వెందుకు పూశారు? తుపాకీ గొట్టంలో గార కథ

సాంఘికశాస్త్రం మొత్తం మరిచిపోయినవాళ్ళకు కూడా 1857 అనగానే ఒక్క ముక్క గుర్తుంటుంది: ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు. మా రోజుల్లో అది రెండు మార్కుల ప్రశ్న. అసలు ఆ తూటాకు కొవ్వు పూయాల్సిన అవసరం ఏమొచ్చిందో ఏ మాస్టారూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఏదో సులువుగా జారడానికి అయ్యుంటుందిలే అని చాలా ఏళ్ళు అనుకున్నాను.

జారడం అందులో సగం సంగతి కూడా కాదని పెన్సిల్వేనియా వచ్చాక తెలిసింది. ఇక్కడ క్రిస్మస్ అయ్యాక జింకల వేటకు ప్రత్యేకంగా ఒక సీజన్ పెడతారు. అందులో చెకుముకి రాయితో నిప్పు పుట్టించే పాతకాలపు తుపాకీలే వాడాలి. మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించి కాల్చే రకం. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన ఈ సీజన్ కోసం అక్టోబరు నుంచే సాధన మొదలుపెడతారు. ఒక శనివారం నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. చలి ఇంకా ముదరలేదు కానీ గాలి బాగా పొడిగా ఉంది.

మొదటి గుండు హాయిగా దిగింది. రెండోదీ దిగింది. మూడోదానికి అరచేయి ఎర్రబడింది. నాలుగోది గొట్టం మధ్యలో ఆగిపోయింది. బలమంతా కడ్డీ మీద పెట్టినా ఇటు దిగదు, అటు రాదు. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. తుపాకీ తీసుకుని, మూతి మనుషులు లేని వైపు తిప్పి, చిన్న కార్బన్‌ డయాక్సైడ్ గుళిక బిగించిన పరికరంతో వెనక రంధ్రం నుంచి గాలి కొట్టి గుండునూ మందునూ బయటికి ఊదేశారు. తర్వాత మూతిలో వేలు పెట్టి ఒక్కసారి గీకారు. గోటి కింద నల్లటి పెచ్చు వచ్చింది, మాడిన పాల గిన్నె అడుగులాగా. దాన్ని నా అరచేతిలో వేసి, "నలుపు" అన్నారు. నలిపాను. గరుగ్గా, ఇసకలా ఉంది. "ఇప్పుడు కాస్త ఉమ్మి తగిలించి నలుపు" అన్నారు. రెండు సెకన్లలో అది కాటుకలా మెత్తబడి జారిపోయింది.

తర్వాత నేను ఎంత చదివినా ఆ రెండు సెకన్లలో తెలిసిన సంగతి చుట్టూనే తిరుగుతున్నాను.

పొగ కాదు, ఉప్పు

ఈ మందును ఇంగ్లీషువాళ్ళు నల్లటి మందు అంటారు. మనకు నల్లమందు అంటే అభిని కాబట్టి నేను తుపాకీ మందు అనే అంటాను. ఇది మూడు సరుకుల మిశ్రమం. సూరేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. కొందరు పెట్లుప్పు అనే ఆ సూరేకారమే పొటాషియం నైట్రేట్. బొగ్గు, గంధకం మండటానికి కావలసిన ఆక్సిజన్ అదే ఇస్తుంది. మంట ముగిశాక నైట్రేట్‌లోని నైట్రోజన్ వాయువై పోతుంది కానీ పొటాషియం ఎక్కడికి పోతుంది? అది లోహం. ఏదో ఒక లవణంగా మారి అక్కడే మిగలాలి.

ఎంత మిగులుతుందో బ్రిటన్‌లో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు లెక్కకట్టారు. మూసిన ఉక్కు పాత్రల్లో మందు మండించి, తయారైన వాయువునీ మిగిలినదాన్నీ విడివిడిగా తూచి, 1875లో ఫలితాలు ప్రచురించారు. బరువులో దాదాపు 43 శాతం మాత్రమే వాయువు. మిగతా 57 శాతం ఘనపదార్థం. అంటే గుండును తోసే పని సగానికి తక్కువ మందే చేస్తుంది, సగానికి పైగా చెత్తగా మారుతుంది. 1857 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీలో ఒక్కో తూటాకు సుమారు 70 గ్రెయిన్ల మందు, అంటే నాలుగున్నర గ్రాములు. ఒక్కసారి పేలిస్తే రెండున్నర గ్రాముల చెత్త. అందులో కొంత తెల్లటి పొగగా బయటికి పోతుంది. ఆ పొగంతా నిజానికి గాలిలో తేలే సన్నటి లవణ ధూళి. మిగతాది గొట్టం గోడలకు అంటుకుంటుంది. నేను గార అనేది దాన్నే.

నల్లగా ఉంటుంది కాబట్టి మసి అనుకుంటాం కానీ, మసి దీనికి రంగు ఇస్తుందంతే. సరుకంతా పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్ లాంటి లవణాలు. ఇందులో మొదటిది మనకు కొత్తది కాదు. కట్టెల పొయ్యి బూడిదలో ఉండే క్షారం అదే. అమ్మమ్మలు బూడిదతో గిన్నెలు తోమితే జిడ్డు వదిలిందంటే అందులో దీని చేయి ఉంది. సల్ఫైడ్‌కు కాస్త తడి తగిలితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. తుపాకీ కడిగిన రోజు ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకునేది అందుకే.

లవణం కాబట్టి ఇది నీళ్ళలో కరుగుతుంది. అంతేకాదు, గాలిలోని తేమను తనే లాక్కుంటుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే. గాలిలో తేమ ఉంటే గార మెత్తగా మడ్డిలా ఉంటుంది, తర్వాతి గుండు దాన్ని తోసుకుంటూ దిగుతుంది. గాలి పొడిగా ఉంటే, లేదా వరసగా కాల్చి గొట్టం వేడెక్కితే, అదే గార ఎండి పెచ్చు కడుతుంది. దాని మీద ఇంకో పొర, ఆ పొర మీద ఇంకోటి. ప్రతి పేలుడూ కింది పొరను ఇటుక బట్టీలో కాల్చినట్టు కాలుస్తుంది. నాలుగో గుండు ఆగిపోయేది అక్కడే.

అలా ఆగిపోవడం చిరాకు పెట్టే విషయం మాత్రమే కాదు, ప్రమాదం కూడా. గుండు మందు మీద ఆని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే పేలినప్పుడు గొట్టం ఆ చోట ఉబ్బిపోవచ్చు, పగిలిపోనూ వచ్చు. అందుకే తెలిసినవాళ్ళు గుండు పూర్తిగా దిగినప్పుడు కడ్డీ ఎంతవరకు లోపలికి పోతుందో కడ్డీ మీద గీత గీసుకుంటారు. ఆ గీత మూతి దగ్గరకు రాకపోతే ట్రిగ్గర్ జోలికే పోరు.

గార రాసిన చరిత్ర

ఈ చెత్త సంగతి తెలిశాక పాతకాలపు యుద్ధాల గురించి చదివిన చాలా విషయాలు కొత్తగా అర్థమయ్యాయి. ఉదాహరణకు బ్రిటిష్ సైన్యం వందేళ్ళకు పైగా వాడిన బ్రౌన్ బెస్ మస్కెట్. దాని గొట్టం వ్యాసం .75 అంగుళం, గుండు మాత్రం దాదాపు .69. చుట్టూ అంత ఖాళీ ఉంటే గుండు గొట్టంలో గోడలకు కొట్టుకుంటూ పోయి ఎటో తేలుతుంది. ఆ తుపాకీకి గురి లేదని అందరూ వెక్కిరిస్తారు. కానీ ఆ ఖాళీ చేతకాక వదిలింది కాదు, కావాలని వదిలింది. సిపాయి నిమిషానికి మూడుసార్లు కాల్చాలి, ఇరవయ్యోసారి కూడా గుండు దిగాలి. గార పేరుకోవడానికి ముందే జాగా వదిలిపెట్టారు. గురిని అమ్ముకుని వేగం కొనుక్కున్నారన్నమాట.

గురి కావాలంటే గొట్టం లోపల మెలికల గాడులుండాలి, గుండు వాటిని గట్టిగా పట్టుకోవాలి. అదే రైఫిల్. గుండు బిగుతుగా ఉన్నప్పుడు గార కూడా చేరితే ఏమవుతుంది? 1800లో వచ్చిన బేకర్ రైఫిల్‌తో పాటు మొదట్లో సైనికులకు చెక్క సుత్తులు కూడా ఇచ్చారు. శత్రువు ఎదురుగా ఉండగా సుత్తితో గుండు దిగ్గొట్టుకోవడం!

ఈ చిక్కు విప్పింది ఫ్రాన్స్‌కు చెందిన క్లోద్-ఎతియెన్ మినియే. 1849 నాటి ఆయన తూటా మొన తేలి, అడుగున బోలుగా ఉంటుంది. గొట్టం కంటే కాస్త సన్నం కాబట్టి గార ఉన్నా జారిపోతుంది. పేలినప్పుడు ఆ ఒత్తిడికి బోలు అడుగు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. వెళ్ళేటప్పుడు సన్నగా, వచ్చేటప్పుడు లావుగా. ఇంత తెలివైన ఉపాయం తుపాకుల చరిత్రలో ఇంకోటి ఉందో లేదో నాకు అనుమానమే.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ దారిలోదే. గొట్టం .577 అంగుళం, లోపల మూడే గాడులు, తూటా .568. తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. అంత సందులో గార ఎండిపోతే మినియే ఉపాయం కూడా పనిచేయదు. అందుకని కాగితపు తూటాలో సీసం ఉన్న కొసను కొవ్వు, తేనెమైనం కలిపిన ముద్దలో ముంచేవారు. సిపాయి రెండో కొస పళ్ళతో చింపి మందు పోసి, జిడ్డు కాగితంతో సహా సీసాన్ని మూతిలో పెట్టి, మిగతా కాగితం చింపి పారేసి, దట్టించేవాడు. ఆ జిడ్డు చేసే అసలు పని పేలిన తర్వాతే మొదలవుతుంది. అది గారలో కలిసి దాన్ని ఎండిపోకుండా మెత్తగా ఉంచుతుంది. అంటే ఈ తూటాకు పూసిన కొవ్వు వచ్చే తూటా కోసం.

ఆ కొవ్వు ఏ జంతువుదో కచ్చితంగా చూసుకునే జాగ్రత్త కంపెనీ తీసుకోలేదు. 1857 జనవరిలో కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో పుకారు పుట్టింది. సిపాయిలు తమకు నచ్చిన జిడ్డు తామే పూసుకోవచ్చని అధికారులు అన్నారు. పళ్ళతో కాకుండా చేత్తో చింపేలా డ్రిల్లు మార్చారు. అప్పటికే నమ్మకం పోయింది, కాగితం నిగనిగ మీద కూడా అనుమానం పడింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే, ఏప్రిల్ 24న మీరట్‌లో తూటాలు ముట్టని 85 మంది, మే 10న తిరుగుబాటు. మీరట్‌లో ఆ రోజు ఇచ్చినవి కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలు కూడా కాదు, పాత రకానివే. తిరుగుబాటుకు తూటా ఒక్కటే కారణమని ఇప్పుడెవరూ అనరు. భూములు, జీతాలు, అవధ్ ఆక్రమణ, చాలా ఉన్నాయి. కానీ నిప్పురవ్వ మాత్రం గొట్టంలో గార గట్టిపడకూడదన్న ఇంజనీరింగ్ అవసరం నుంచి వచ్చింది.

మనవైపు సంబంధం ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను "తిలంగాలు" అనేవారు. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బిహార్ ప్రాంతాలవాళ్ళు. వందేళ్ళ ముందు దక్షిణాది యుద్ధాల్లో కంపెనీ చేర్చుకున్న తొలి సిపాయిల్లో తెలుగువాళ్ళు అంతమంది ఉండబట్టి, ఆ పేరు సిపాయి అన్న మాటకే మారుపేరుగా స్థిరపడిపోయింది.

తర్వాత జరిగినదాన్ని మన పాఠ్యపుస్తకాలు ఎక్కడా రాయవు. తిరుగుబాటు అణచడానికి దిగిన బ్రిటిష్ సైనికుల చేతుల్లోనూ అవే ఎన్‌ఫీల్డ్‌లు మొరాయించాయి. కొవ్వు మన ఎండలకు మెత్తబడి కాగితంలోకి ఇంకిపోయింది, గార ఎండిపోయింది, తూటాలు దిగనన్నాయి. దాంతో తూటా వ్యాసం .568 నుంచి .55 అంగుళానికి తగ్గించారు. పూతలో కొవ్వు తగ్గించి తేనెమైనం పెంచారు. తేనెమైనం 60 డిగ్రీలు దాటితే కానీ కరగదు. ఇన్ని ప్రాణాలు పోయాక పూతను సరిచేసింది మన ఎండ.

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం ఇంకో దారి పట్టింది. విలియమ్స్ అనే ఆయన పేటెంటు తీసుకున్న ఒక రకం తూటాకు అడుగున జింకు బిళ్ళ ఉండేది. పేలినప్పుడు ఆ బిళ్ళ చదునై విచ్చుకుని గొట్టం గోడలను గీకుతూ బయటికి పోతుంది. పది తూటాల పొట్లంలో ఒకటి ఇలాంటిది పెట్టేవారు. పళ్ళు తోముకునే తూటా అనుకోండి.

తడిగుడ్డ, పొడిగుడ్డ

ఇక ఇవాళ్టి సంగతి. మన పేపర్లలో "ఎస్‌బీఎంఎల్ తుపాకీ", "భర్మార్" అని నేరవార్తల్లో కనిపించేది, అంటే మూతిలోంచి మందు నింపే ఒంటిగొట్టం తుపాకీ, ఈ జాతే. మన దేశంలో లైసెన్సు లేకుండా పెట్టుకుంటే ఆయుధాల చట్టం కింద కేసు. అమెరికాలో మాత్రం దీన్ని వేటకూ పోటీలకూ సరదాగా వాడేవాళ్ళు బోలెడంతమంది. వాళ్ళలో సగం మాటలు గార గురించే, మిగతా సగం ఏ కంపెనీ పూత మంచిదన్న గొడవ. నా ఉద్దేశంలో కంపెనీ పేరు చివరి సంగతి. గార రాకుండా ఆపలేం. పొటాషియం ఎటూ పోదు కదా. అది ఎండకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

గుండ్రటి సీసపు గుండు వాడే తుపాకీలో గుండు చుట్టూ ఒక గుడ్డముక్క పెడతారు. .50 అంగుళాల గొట్టానికి .490 గుండు, దాని చుట్టూ దిండు గలీబులకు వాడే గట్టి నేత నూలుగుడ్డ. గుడ్డ వదులైతే మంట పక్కల నుంచి దూరి గాడుల్లో గార నింపుతుంది. సరిగ్గా బిగుతైతే గుండు దిగేటప్పుడే ఆ గుడ్డ పాత గారను తుడుచుకుంటూ మందు మీదికి తోస్తుంది, అది తర్వాతి పేలుడుతో పోతుంది. కాబట్టి గుండు దిగడం కష్టంగా ఉందని గుడ్డ పలచన చేస్తే జబ్బు ముదురుతుంది. నేను చేసిన మొదటి తప్పు అదే. కాల్చిన తర్వాత తుపాకీకి ఎదురుగా నేల మీద పడ్డ గుడ్డముక్క ఏరి చూడాలి. చుట్టూ మాడి చిల్లులు పడి ఉంటే పూత చాలలేదన్నమాట, లేదా గుడ్డ సన్నం.

ఆ గుడ్డకు పూసే పూత ఉమ్మి కూడా కావచ్చు. నవ్వకండి, పోటీల్లో వెంటవెంటనే కాల్చేవాళ్ళు ఇప్పటికీ గుడ్డ నోట్లో నానబెట్టుకుంటారు. గుండు దట్టించి గంటలకొద్దీ జింక కోసం కూర్చోవాలంటే ఉమ్మి పనికిరాదు, ఎండిపోతుంది, ముందే మందును తడిపినా తడుపుతుంది. అప్పుడు కొవ్వు, తేనెమైనం, కూరగాయల నూనెల పూతలు. నీళ్ళలో కలిసే నూనెను నీళ్ళలో కలిపి, పాలలా తెల్లగా అయ్యాక గుడ్డలు నానబెట్టి ఆరబెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. వందేళ్ళకు పైగా జర్మనీలో తయారవుతున్న బాలిస్టాల్‌ను దీనికి ఎక్కువగా వాడతారు. మామూలు పెట్రోలియం గ్రీజు, ఇంజనాయిలు మాత్రం వద్దంటారు, ఈ గారతో కలిసి తారులా సాగుతుందని. ఖనిజ నూనెలన్నీ ఒకేలా చేస్తాయని నేననను, బాలిస్టాల్‌లోనూ ఖనిజ నూనె ఉంది. నీళ్ళలో కలుస్తుందా లేదా అన్నదే నేను చూసుకునేది.

రెండో పని, కాల్చిన ప్రతిసారీ గొట్టం తుడవడం. ఫిరంగుల కాలంలో కూడా కర్రకు గొర్రెతోలు చుట్టి, నీళ్ళలో ముంచి, గుండుకూ గుండుకూ మధ్య గొట్టం తుడిచేవారు. గార కోసమే కాదు, లోపల నిప్పురవ్వ మిగిలితే కొత్తగా పోసే మందు అంటుకుంటుంది. తుపాకీకి కూడా ఆ భయం ఉంది. అందుకే మందు ఎప్పుడూ దాన్ని నిల్వ ఉంచే కొమ్ములోంచి నేరుగా గొట్టంలో పోయకూడదు, చిన్న కొలతలోకి తీసుకుని దాంతో పోయాలి.

తుడవడంలో ఒక కిటుకు ఉంది, పెద్దాయన చేయి పట్టుకుని నేర్పారు. కడ్డీ చివర జాగ్ అనే ఇత్తడి ముక్క ఉంటుంది, దాని మీద గుడ్డ పెట్టి లోపలికి తోయాలి. జాగ్ కాస్త సన్నంగా ఉండాలి. అప్పుడు దిగేటప్పుడు గుడ్డ గార మీదుగా జారి పోతుంది, పైకి లాగేటప్పుడు జాగ్ మీది గాట్లలో ముడతపడి లావై గారను లాక్కొస్తుంది. జాగ్ లావైతే గార మొత్తం అడుగుకు దిగి, నిప్పు వెళ్ళే సన్న దారిలో కూరుకుపోతుంది. ఆ తర్వాత చెకుముకి ఎంత కొట్టినా బయటి పళ్ళెంలోని రంజకం మందు భగ్గుమంటుంది, తుపాకీ పేలదు. గుడ్డ తడి కూడా అంతే. నీళ్ళు కారేలా ఉంటే అడుగున బురద తయారవుతుంది. పిండాక చేతికి చల్లగా తగలాలి, చుక్క రాలకూడదు. ఒక్కసారి లోపలికి, ఒక్కసారి బయటికి. తిప్పి రెండో వైపు ఇంకోసారి. ఆ తర్వాత ఒక పొడి గుడ్డ. అలా చేసిన రోజు నేను వరసగా 22 గుండ్లు దింపాను, అరచేయి ఎర్రబడలేదు.

తుడిస్తే ప్రతిసారీ తుడవాలి, లేకపోతే అసలు తుడవకుండానే దిగే గుడ్డ, పూత కుదుర్చుకోవాలి. మనసైనప్పుడు తుడిస్తే గురి కుదరదు. శుభ్రమైన గొట్టంలోంచి వెళ్ళే గుండు ఒకచోట, గార ఉన్న గొట్టంలోంచి వెళ్ళేది ఇంకోచోట తగులుతుంది.

చలి ముదిరాక నీళ్ళ గుడ్డలు గొట్టంలోనే గడ్డకడతాయి. దానికి ఇక్కడివాళ్ళ పరిష్కారం కారు అద్దాలు కడిగే నీలం ద్రవం. ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి గడ్డకట్టదు, చవక కూడా.

మందు రకం మారినా కొంత తేడా ఉంటుంది. రెండు ఎఫ్‌లు రాసిన ముతక మందు కంటే మూడు ఎఫ్‌ల సన్న మందు త్వరగా, పూర్తిగా మండి గార తక్కువ మిగులుస్తుందని చాలామంది అనుభవం. కానీ అది ఒత్తిడి పెంచుతుంది కాబట్టి తుపాకీ తయారీదారు చెప్పిన కొలత దాటకూడదు. బొగ్గు నాణ్యత కూడా ముఖ్యమే. స్విట్జర్లాండ్ మందుకు గార తక్కువన్న పేరుంది, ఖరీదు కూడా ఎక్కువే.

అసలు మందుకు బదులు దొరికే సరుకుల గురించి క్లుప్తంగా చెప్తాను. 1970ల్లో వచ్చిన పైరోడెక్స్‌లో పొటాషియం పెర్క్లోరేట్ ఉంటుంది. మండాక పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. అది మన ఉప్పుకు తమ్ముడు, తుప్పు విషయంలో ఇంకా కంగారు పడాలి. ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు, కంపు ఉండదు, నీళ్ళతో ఇట్టే పోతుంది. కానీ గుండు కూర్చునే చోట గాజులా గట్టి ఉంగరం ఒకటి కట్టే అలవాటు దానికి ఉంది. బ్లాక్‌హార్న్ 209 గార చాలా తక్కువ మిగులుస్తుంది. అది నీళ్ళకు లొంగదు, సాల్వెంట్‌తోనే కడగాలి, మందు అంటించడానికి కొత్తరకం ప్రైమర్లు ఉన్న తుపాకులకే పనికొస్తుంది. గార గోల వద్దని మామూలు పొగలేని మందు ఇందులో పోస్తే మాత్రం గొట్టం చేతిలోనే పేలుతుంది. అలా వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

పెనం కాదు

గొట్టానికి "పదును పట్టించాలి" అనే నమ్మకం ఒకటి ఇక్కడ బాగా వేళ్ళూనుకుని ఉంది. దోసె పెనానికి నూనె పట్టించినట్టు, ప్రతిసారీ సహజమైన నూనె పూస్తూ, సబ్బు తగలనివ్వకుండా వాడితే లోహం నూనె పీల్చుకుని గార అంటనివ్వదంటారు. నేను నమ్మను. పెనం మీద తయారయ్యేది నూనె మాడి గట్టిపడిన పొర. రైఫిల్ గొట్టంలో అలాంటి పొర కడితే దాని కింద లవణం చిక్కుకుంటుంది. చిక్కుకున్న లవణం తేమ లాగుతుంది. తేమ తుప్పు తెస్తుంది. ఆరు నెలల తర్వాత గాడుల్లో చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి, ఆ గుంటల్లో గార ఇంకా బాగా పట్టుకుంటుంది. దోసె అంటుకుంటే ఇంకో దోసె వేసుకోవచ్చు.

కడగడం మాత్రం ఆ రోజే జరగాలి, రేపు అనకూడదు. గొట్టాన్ని తుపాకీ చెక్క భాగం నుంచి విడదీయగలిగితే వెనక కొసను బకెట్లో ముంచి, మూతిలోంచి గుడ్డతో పంపు కొట్టినట్టు కొట్టడమే. రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్ళు చాలు. మరిగే నీళ్ళు పోస్తే త్వరగా ఆరుతుందని పాతవాళ్ళు అంటారు. ఆ వేడికి లోహం మీద అప్పటికప్పుడు పలచటి ఎర్ర తుప్పు లేవడం నేను చూశాను, అందుకని మానేశాను. మొదటి బకెట్ నీళ్ళు తారులా, కోడిగుడ్డు కంపుతో వస్తాయి. మూడో బకెట్‌కు తేటపడతాయి. పొడి గుడ్డలు గొట్టంలోంచి తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆ తర్వాతే నూనె. వచ్చేసారి కాల్చే ముందు ఆ నూనెనంతా తీసేయడం మరిచిపోకూడదు, లేకపోతే మొదటి గుండుకే మళ్ళీ మడ్డి.

మర్నాడు పొద్దున కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఇంకో తెల్లగుడ్డ లోపలికి పంపి చూస్తాను. చాలాసార్లు అది నూనె మరకతో మాత్రమే వస్తుంది. పోయిన వారం అంచున లేత గోధుమరంగు గీత ఒకటి కనిపించింది. మళ్ళీ బకెట్ తెచ్చుకున్నాను.